పాకే పిల్లలున్న ఇంట్లో తలుపులకి ఏం చేయించాలి?

చిన్నూ అమ్మ, పాలకొల్లు

అందరికీ నమస్కారమండి. మా బాబుకి పదో నెల. పాకడం దాటి ఏది దొరికితే అది పట్టుకుని నిలబడుతున్నాడు. బొమ్మలకన్నా తలుపులే వాడికి ఇష్టం. మాది పాత పెంకుటిల్లు, దాన్ని ఆనుకుని కొత్తగా వేసిన రెండు డాబా గదులు. పాత భాగంలో రెండు రెక్కల టేకు తలుపులు, వాటికి ఇనుప గొళ్ళెం, పైనా కిందా గడియలు. కొత్త గదులకి ఫ్లష్ డోర్లు, బాత్రూంకి పీవీసీ తలుపు, వీధి వైపు స్ప్రింగు ఉన్న దోమల జాలీ తలుపు. పెరటి తలుపు తీస్తే కొబ్బరి చెట్లు, వాటి వెనక పంట కాలువ.

ఆన్‌లైన్‌లో సేఫ్టీ కిట్లు చూశాను. నురుగు ముక్కలు, గుండ్రటి పిడులకి తొడిగే కవర్లు, అతికించే లాకులు ఉన్నాయి. మా గొళ్ళేనికి వాటిలో ఏది సరిపోతుందో అర్థం కాలేదు. ఏవి కొనాలి, ఏవి మేస్త్రితో చేయించుకోవాలి? సాయంత్రం పైరగాలి మొదలైతే చాలు, తలుపులు ఠపాఠపా కొట్టుకుంటుంటే టెన్షన్‌గా ఉంటోంది.

భీమవరం ఫ్లాటు

మాది అపార్ట్‌మెంటు కాబట్టి నేను చెప్పేది మీకు సగమే పనికొస్తుందేమో. సి ఆకారంలో ఉండే నురుగు ముక్కలు మంచివే, కానీ వాటిని పిల్లాడి ఎత్తులో పెట్టకండి. పళ్ళొచ్చే వయసులో పీకి కొరుకుతారు, ఆ ముక్క గొంతుకి అడ్డం పడితే అదో ప్రమాదం. గడియ వైపే, తలుపు పై అంచుకి తొడగండి. అక్కడున్నా తలుపు పూర్తిగా పడకుండా ఆపుతుంది. నురుగు లేకపోతే మందపాటి తువ్వాలు తలుపు మీదుగా రెండు వైపులా వేలాడేలా వేసినా చాలు. ఏసీ గదికి మాత్రం ఇది కుదరదు, చల్లదనమంతా సందులోంచి పోతుంది. మా ఆయన తువ్వాలు తీసేస్తారు, నేను మళ్ళీ వేస్తాను. రోజూ ఇదే గొడవ.

గోడకి బిగించే స్ప్రింగు స్టాపర్లు కొనకండి. వాటి చివర చిన్న రబ్బరు టోపీ ఉంటుంది, లాగితే ఊడొస్తుంది. సరిగ్గా నోట్లో పెట్టుకునే సైజు.

కొబ్బరితోట తాతయ్య, అంబాజీపేట

ఆయ్, మా ఇళ్ళల్లో దీనికి అడ్డచెక్క ఉండేదమ్మా. గుమ్మానికి రెండు పక్కలా గాడి తీసిన కర్రలు కొట్టించి, అందులోకి మోకాలెత్తు చెక్క పైనుంచి దించేవాళ్ళం. కోళ్ళు లోపలికి రావు, పిల్లలు బయటికి పోరు. తలుపు తీసే ఉంటుంది కాబట్టి గాలీ ఆడుతుంది. డబ్బున్నవాళ్ళు టేకుతో చేయించుకునేవాళ్ళు, లేనివాళ్ళు తాటాకు తడక కట్టుకునేవాళ్ళు. ఈ నురుగులూ రబ్బర్లూ ఎవరికీ తెలియవు. ఇంట్లో మనిషి కన్ను ఉంటే చాలు, ఏ పరికరాలూ అక్కర్లేదు.

భీమవరం ఫ్లాటు

తాతగారూ, అడ్డచెక్కకి నా ఓటు. కన్ను ఉంటే చాలన్న మాటకి మాత్రం కాదు. మీ లోగిట్లో అప్పుడు నాయనమ్మ, ఇద్దరు పిన్నులు, పనిమనిషి, ఎవరో ఒకరు ఉండే ఉంటారు. మా ఇంట్లో పగలంతా నేనొక్కదాన్నే. పాలు పొంగుతుంటే స్టవ్ దగ్గరికి వెళ్ళాలా, పిల్ల వెనక వెళ్ళాలా?

కొబ్బరితోట తాతయ్య, అంబాజీపేట

అదీ నిజమేలే అమ్మా. పైగా ఆ కన్ను ఇప్పుడు ఫోన్‌లో ఉంటోంది. మగాళ్ళని కూడా కలుపుకునే అంటున్నాను, కోప్పడకండి.

చెక్కపని మేస్త్రి, రాజోలు

అమ్మా, అందరూ గడియ వైపు సందు గురించే మాట్లాడుతున్నారు. అసలు ప్రమాదం మడతబందుల వైపు ఉంది. గది లోపలికి తెరుచుకునే తలుపుని సగం తీసి, బయట నిలబడి, ద్వారబంధానికీ రెక్కకీ మధ్య చూడండి. పెద్దవాళ్ళ వేలు కూడా పట్టేంత సందు కనిపిస్తుంది. పిల్లాడు లేచి నిలబడటానికి ద్వారబంధం పట్టుకుంటే వేళ్ళు తిన్నగా అందులోకే పోతాయి. లోపల తలుపు వేసేవాళ్ళకి ఆ వేళ్ళు కనిపించవు.

తలుపు వెడల్పు ముప్పై అంగుళాలనుకోండి. వేలు మడతబందుకి అంగుళం దూరంలో ఉంటే, మనం పిడి దగ్గర తోసిన బలం అక్కడ ముప్పై రెట్లు అవుతుంది. అడకత్తెరలో పోకచెక్క పగిలేది ఈ లెక్కతోనే. నురుగు ముక్క దీన్ని ఆపలేదు. గడియ వైపు అంగుళం తెరిచి ఉన్నా ఇటు వైపు మిగిలే సందు గోరు మందమే.

నేను చేసేది చెబుతాను. రెక్సిన్ గానీ, నిలువుగా కోసిన పాత మోటార్ సైకిల్ ట్యూబు గానీ తీసుకుని గడప నుంచి నాలుగడుగుల ఎత్తు దాకా పట్టీ వేస్తాను. ఒక అంచు ద్వారబంధానికి, రెండో అంచు రెక్కకి. దాని మీద సన్నటి బీడింగు పెట్టి స్క్రూలతో బిగించాలి. మేకులు వద్దు, లాగగా లాగగా లేస్తాయి, అవి పిల్లలకి గుచ్చుకుంటాయి. కొలత మాత్రం తలుపు బార్లా తీసి ఉంచి తీసుకోవాలి. వేసి ఉన్నప్పుడు కొలిస్తే, తెరిచిన మొదటిసారే చిరుగుతుంది. తలుపు వేసినప్పుడు పట్టీ మడతపడి బయటికి ఉబ్బుతుంది, చూడటానికి బాగోదు. అత్తగార్లు గొణుగుతారు, రెండేళ్ళు ఓర్చుకోమనండి. ప్లాస్టిక్‌తో చేసిన రెడీమేడ్ పట్టీలూ దొరుకుతాయి గానీ అవి అతికించేవి అయితే మన ఉక్కకి, చెమ్మకి జిగురు నిలవదు. స్క్రూ వేసేవే తీసుకోండి.

రెండు రెక్కల తలుపుకి ఇంకో సంగతి. రెండు రెక్కలూ ఊగుతుంటే మధ్యలో కూడా వేళ్ళు నలుగుతాయి. పగలు ఒక రెక్కకి పైగడియ వేసి కదలకుండా ఉంచేయండి, ఒక్క రెక్కతోనే రాకపోకలు సాగించండి. గొలుసు గొళ్ళెం వేలాడుతుంటే పిల్లాడి మొహానికి తగులుతుంది, దాన్ని ఎత్తి పైన ఒక కొక్కేనికి తగిలించండి.

గాలికి కొట్టుకోకుండా తలుపు వెనక ఒక రింగు, గోడకి ఒక కొక్కెం, పెద్దవాళ్ళ భుజం ఎత్తులో. అంతకు మించి ఏమీ అక్కర్లేదు. చాలా ఇళ్ళల్లో రుబ్బురోలు పొత్రం అడ్డం పెడతారు. పిల్లాడు దాన్ని దొర్లించి కాలి మీద వేసుకుంటాడు.

ఇద్దరు పిల్లల తండ్రి, కొత్తపేట

మేస్త్రిగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను దీనికి లోపలి గడియల సంగతి కలుపుతాను. మన ఇళ్ళల్లో ప్రతి గదికీ, చివరికి పూజ గదికీ లోపలి నుంచి గడియలు. రెండేళ్ళ పిల్లకి గడియ వేయడం ఆటలాగా వచ్చేస్తుంది, తీయడం రాదు. వేసేటప్పుడు తలుపు సరిగ్గా కుదిరి ఉంటుంది. తీసేటప్పుడు తలుపుని కాస్త ఎత్తి లాగాలి, ఆ కిటుకు పెద్దవాళ్ళకే తెలుసు. మా వీధిలో ఒక పాప ఇలాగే బాత్రూంలో గడియ వేసుకుంది, లోపల నిండు బకెట్టు. వెంటిలేటర్ అద్దాలు తీసి ఒక సన్నటి కుర్రాణ్ణి దించారు.

కాబట్టి పిల్లలకి అందే ఎత్తులో ఉన్న ప్రతి గడియా ఊడదీసేయండి. పైగడియ ఒక్కటి చాలు. స్క్రూ కన్నాలు అలాగే ఉంటాయి, పెద్దయ్యాక మళ్ళీ బిగించుకోవచ్చు. కొత్త గదులకి తాళం మార్చే ఉద్దేశం ఉంటే, బయట వైపు చిన్న గాటు ఉన్న రకం అడగండి. లోపల నొక్కుకున్నా బయట నుంచి రూపాయి బిళ్ళతో తిప్పి తీయొచ్చు. బాత్రూంకి బయట వైపు, పైన ఒక గడియ ఉండాలి, అది ఎప్పుడూ వేసే ఉండాలి. మనవాళ్ళు లోపలి గడియ గురించి ఆలోచిస్తారు గానీ, పిల్లాడు ఒంటరిగా బాత్రూంలోకి పోకుండా ఆపేది బయటి గడియే. తక్కువ లోతు నీళ్ళున్న బకెట్టులోకి కూడా తలకిందులుగా పడితే ఆ వయసు పిల్లలు లేవలేరు.

చిన్నూ అమ్మ, పాలకొల్లు

లోపల గడియ పడిపోతే అప్పటికప్పుడు ఏం చేయాలండి? పీవీసీ తలుపు తన్నితే విరుగుతుందని మా మరిది అంటున్నాడు.

ఇద్దరు పిల్లల తండ్రి, కొత్తపేట

విరుగుతుంది. కానీ ఏడుస్తున్న పిల్లాడు సరిగ్గా తలుపుకి ఆనుకునే ఉంటాడు, అదే చిక్కు. ముందు ఒకరు కిటికీ దగ్గరికో వెంటిలేటర్ దగ్గరికో వెళ్ళి, పాటో మాటో చెప్పి అటు రప్పించాలి. పిల్లాడు తలుపు దగ్గర లేడని కళ్ళతో చూశాకే బలం వాడాలి. నలుగురూ తలుపు బాదుతూ అరిస్తే వాడు ఇంకా బెదిరిపోతాడు. మన వల్ల కాకపోతే ఫైర్ స్టేషన్‌కి 101 కొట్టండి, మొహమాటం వద్దు.

పిల్లల వార్డు నర్సు, అమలాపురం

డ్యూటీ అయ్యాక చదివాను, కొంచెం పొడుగ్గా రాస్తాను. వేలు నలిగి వచ్చే పిల్లలు సంక్రాంతికి ఎక్కువ. ఇంటి నిండా చుట్టాలు, పెద్ద పిల్లలు తలుపుల చాటున దాక్కుని ఆడతారు, తలుపు వెనక చిన్నవాళ్ళు ఉన్నారని చూసుకోరు. పండగ మూడు రోజులూ తలుపులన్నీ కొక్కేలకి తగిలించి తెరిచే ఉంచితే బాగుంటుంది.

వేలు ఇరుక్కుంటే చేయి పట్టి లాగకండి. తలుపు తెరిచి వేలు వదిలించండి. శుభ్రమైన చల్లటి నీళ్ళ ధార కింద కాసేపు ఉంచండి. ఐసు ముక్క నేరుగా పెట్టకండి, గుడ్డలో చుట్టి పెట్టండి. వేలికి ఉంగరమో దారమో ఉంటే వాపు రాకముందే తీసేయండి, మనవాళ్ళు పిల్లలకి బారసాల ఉంగరాలు పెడతారు కదా. రక్తం వస్తుంటే శుభ్రమైన గుడ్డతో నొక్కి, చేయి పైకెత్తి పట్టుకోండి. పసుపు, కాఫీ పొడి, సున్నం ఏవీ అద్దకండి. అవి కడగడానికి మేము మళ్ళీ పిల్లాణ్ణి ఏడిపించాలి.

గోరు కింద నల్లగా రక్తం చేరినా, వేలు వంకర తిరిగినా, వంచలేకపోయినా, గోరు ఊడొచ్చినా ఆసుపత్రికి రావాల్సిందే. పిల్లల ఎముకల చివర పెరిగే భాగం ఉంటుంది, అక్కడ దెబ్బ తగిలిందేమో ఎక్స్‌రేలో చూడాలి. ఇంట్లో సూదితో గోరు పొడవకండి. ఊడిన గోరు మళ్ళీ పూర్తిగా రావడానికి నెలలు పడుతుంది, దానికి కంగారు అక్కర్లేదు. వేలి కొన తెగిపోతే ఆ ముక్కని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసు నీళ్ళలో ఉంచి తీసుకురండి. ముక్కని నేరుగా ఐసులో వేస్తే పాడైపోతుంది. 108కి ఫోన్ చేయండి. టీకాల కార్డు వెంట తెండి, ధనుర్వాతం టీకా ఎప్పుడు పడిందో చూసుకుంటారు.

ఇంకో మాట. మీది పాత ఇల్లన్నారు. పాత తలుపుల రంగు పెచ్చులు లేస్తుంటే జాగ్రత్త. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకి మించకూడదని నిబంధన వచ్చింది 2016లో, అమల్లోకి వచ్చింది 2017 చివర్లో. అంతకు ముందు వేసిన ఎనామిల్ రంగుల్లో ఎంతుందో ఎవరూ చెప్పలేరు. నిలబడే వయసు పిల్లలు తలుపు అంచుని నాకుతారు, కొరుకుతారు. ఆ పెచ్చులు కడుపులోకి పోకూడదు.

చెక్కపని మేస్త్రి, రాజోలు

సిస్టర్ చెప్పిన రంగు సంగతి మాకూ పనికొచ్చేదే. అయితే పొడిగా గరుకు కాగితం పెట్టి రుద్దితే ఆ దుమ్మంతా ఇల్లంతా పడుతుంది. నీళ్ళు చల్లి, తడి మీద రుద్ది, దుమ్ముని తడి గుడ్డతో ఎత్తేయాలి. ఆ పని జరిగినన్ని రోజులూ తల్లీ పిల్లా పుట్టింట్లో ఉండటం మంచిది.

నాకు పుట్టింటికి పంపించే అధికారం లేదనుకోండి.

కాలువగట్టు, ముమ్మిడివరం

ఎవరూ పెరటి తలుపు ఊసెత్తలేదు. వేలు నలిగితే మానుతుంది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి మన ఇళ్ళ వెనక కాలువలే కాలువలు. ఆ కాలువ మీదే బతుకుతున్నాం కాబట్టి దాన్ని ప్రమాదంగా చూడటం మనకి అలవాటు లేదు. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు పిల్లలు దిగి ఆడుకుంటారు, అదే వాళ్ళకి అలవాటైన చోటు. తరవాత నీళ్ళు వదులుతారు. రెండేళ్ళ పిల్లకి ఆ తేడా ఏం తెలుస్తుంది?

భీమవరం, ఆకివీడు వైపు కాలువ లేకపోయినా చెరువులున్నాయి. రొయ్యల చెరువు చుట్టూ పీతలు రాకుండా కట్టే వల చూసి కంచె ఉందనుకుంటారు. అది పిల్లాణ్ణి ఆపదు.

పెరటి తలుపు విషయంలో నా మాట ఒకటే. ఆ తలుపు దానంతటదే మూసుకోవాలి. గిన్నెలు తోమడానికి వెళ్ళేవాళ్ళు, కొబ్బరికాయలు దింపేవాళ్ళు, ఎవరూ వెనక్కి తిరిగి గడియ వేయరు. రెండు చేతులూ నిండి ఉంటాయి.

తణుకు అబ్బాయి, ఇప్పుడు పెర్త్

ఇక్కడ ఆస్ట్రేలియాలో ఇంట్లో ఈత కొలను ఉంటే కంచె తప్పనిసరి. ఆ నియమాలు మన పెరటికి అతికినట్టు సరిపోతాయి. కంచె ఎత్తు కనీసం 1.2 మీటర్లు. గేటు దానంతటదే మూసుకుని, గడియ కూడా దానంతటదే పడాలి. గడియ నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో, అంటే దాదాపు ఐదడుగుల దగ్గర. గేటు నీళ్ళ వైపు కాకుండా ఇటు వైపుకే తెరుచుకోవాలి. పిల్లాడు తోసినా తెరుచుకోదు, తోస్తే ఇంకా బిగుస్తుంది. కంచె పక్కన కుర్చీ, కుండీ లాంటివి ఉండకూడదు, ఎక్కుతారు. మన పెరట్లో అయితే కొబ్బరి డొక్కల పోగు, నీళ్ళ డ్రమ్ము ముందు జరపాలి.

కొబ్బరితోట తాతయ్య, అంబాజీపేట

బాబూ, ఇది మంచి మాట. మావాళ్ళు గేట్లన్నీ కాలువ రేవు వైపుకే తెరుచుకునేలా పెట్టారు. పశువులు తోసుకుని పోతాయని.

హార్డ్‌వేర్ కొట్టు, నరసాపురం

సామాన్ల సంగతి నేను చెబుతాను. దానంతటదే మూసుకోవడానికి గేటుకి స్ప్రింగు మడతబందులు దొరుకుతాయి. మన ఉప్పు గాలికి మామూలు ఇనుపవి తొందరగా తుప్పు పడతాయి. తుప్పు పట్టిన స్ప్రింగు సగంలో ఆగిపోతుంది, గేటు మూసుకుందనుకుంటాం, మూసుకోదు. 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు అని అడిగి తీసుకోండి, స్క్రూలు కూడా అదే రకం. మడతబందు మంచిది కొని ఇనుప స్క్రూలు వేసేవాళ్ళు చాలామంది.

జాలీ తలుపుకి ఉన్న ఉత్త స్ప్రింగు తీసేయండి, అది చెంపదెబ్బలా పడుతుంది. హైడ్రాలిక్ క్లోజర్ పెట్టించండి. దాని మీద రెండు చిన్న స్క్రూలుంటాయి. ఒకటి తలుపు వచ్చే వేగానికి, రెండోది చివర్లో గడియ దగ్గర పడే వేగానికి. రెండోది బాగా బిగించుకోవాలి. బిగించేవాడు తొందరలో మొదటి దానితో సరిపెట్టి వెళ్ళిపోతాడు, దగ్గరుండి చేయించుకోండి. క్లోజర్ పెట్టినా మడతబందుల వైపు పట్టీ కావాల్సిందే, మెల్లగా నలిపినా నలుపుడే.

వీధిలో పట్టాల మీద జరిగే పెద్ద ఇనుప గేటు ఉంటే చివర్లో ఆపే దిమ్మె, పైన పట్టుకునే గైడు ఉన్నాయో లేదో చూసుకోండి. పట్టా తప్పితే గేటు మొత్తం మీద పడుతుంది. పిల్లలు గేటెక్కి ఊగడం ముద్దుగా చూడకండి.

భీమవరం ఫ్లాటు

ఇంకోటి, చక్రాల వాకర్లో కూర్చోబెట్టకండి. కెనడాలో 2004 నుంచి వాటిని అమ్మడమే నిషేధం. గడప దగ్గర, మెట్ల దగ్గర బోర్లా పడతారు, అందని గడియలన్నీ అందుతాయి. మనవాళ్ళు చేయించే మూడు చక్రాల చెక్క బండి వేరు, అది పిల్లాడు వెనకనుంచి తోస్తాడు.

చెక్కపని మేస్త్రి, రాజోలు

పనికి నేనే రావాలంటే నా నంబరు

మోడరేటర్

మేస్త్రిగారూ, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకూడదండి. తీసేశాను. మీరు చెప్పే పని వివరాలు మాత్రం ఎంతైనా రాయండి.

చిన్నూ అమ్మ, పాలకొల్లు

అందరికీ ధన్యవాదాలండి. అన్నీ ఒకేసారి చేయించే పరిస్థితి లేదు. ముందు పెరటి గేటు, తరవాత కింది గడియలు తీయించడం, మూడోది మడతబందుల పట్టీలు. సేఫ్టీ కిట్ కొనడం లేదు. తాతగారి అడ్డచెక్క పెరటి గుమ్మానికి మా మావయ్యగారు తానే చేస్తానన్నారు, ఎత్తు మోకాలికన్నా ఇంకొంచెం పెంచమన్నాను.

ఒక అనుమానం మేస్త్రిగారిని అడగాలి. వానాకాలం వస్తే మా పాత తలుపు ఉబ్బి పట్టేస్తుంది. గట్టిగా లాగితే ఒక్కసారిగా ఊడి వచ్చినట్టు వస్తుంది, అప్పుడు వెనక బాబు ఉంటే ఏంటి పరిస్థితి? ఇప్పుడే చిత్రిక పట్టించేయమంటారా?

చెక్కపని మేస్త్రి, రాజోలు

వానల్లో పట్టించకండమ్మా. తడికి ఉబ్బిన చెక్కని అప్పుడు చిత్రిక పడితే, ఎండాకాలంలో కుంచించుకుని చుట్టూ సందులొస్తాయి. ఆ సందుల్లోకి పిల్లాడి వేళ్ళూ పోతాయి, పాములూ వస్తాయి. ఎండలు పోయే ముందు, చెక్క ఆరి ఉన్నప్పుడు, పట్టే చోట మాత్రమే కొద్దిగా తీయించి, తలుపు కింది అంచుకీ పై అంచుకీ కూడా రంగు పూయించండి. ఆ రెండు అంచులూ అందరూ వదిలేస్తారు, చెమ్మ లాగేది అక్కడే. ఈలోగా పట్టేసిన తలుపుని లాగేటప్పుడు రెండో చేయి రెక్క మీద ఆనించి ఉంచండి, ఊపుగా రాదు. ద్వారబంధం గాడి లోతు ఎంతుందో కొలిచి ఇక్కడ పెట్టండి, పట్టీకి ఎంత పొడుగు స్క్రూలు కావాలో చెబుతాను.